ఇతరుల ఆత్మకథలు చదువుతూ మీ జ్ఞాపకాలు రాయడం ఎలా

ఉద్యోగ విరమణ తర్వాతో, పిల్లలు పై చదువులకు వెళ్లి ఇల్లు సద్దుమణిగిన తర్వాతో చాలామందికి తమ జీవితంలోని సంగతులు రాయాలనిపిస్తుంది. ఒక నోటుపుస్తకం కొంటారు, మొదటి పేజీలో ఫలానా సంవత్సరంలో ఫలానా గ్రామంలో జన్మించానని రాస్తారు, తాతముత్తాతల వివరాలతో నాలుగు పేజీలు నింపుతారు, ఆ తర్వాత పుస్తకం బీరువాలోకి చేరుతుంది. జ్ఞాపకాలకు ఏ కొరతా లేని మనిషి కూడా అక్కడే ఆగిపోవడానికి కారణం, ఈ పనిని ఇతరులు ఎలా చేశారో దగ్గరగా చూడకపోవడమే. వడ్రంగం నేర్చుకునే కుర్రవాడు తయారైన కుర్చీని తలకిందులు చేసి, కాలు పలకలోకి ఎలా దిగిందో, ఎక్కడ మేకు కొట్టారో, ఎక్కడ మేకు అవసరం లేకుండా బిగించారో చూస్తాడు. ఆత్మకథలను కూడా అలా తలకిందులు చేసి చదవవచ్చు. నేను కొన్నేళ్లుగా అలా చదువుతూ రాస్తూ ఉన్నాను కనుక, నాకు పనికివచ్చిన వరుసలోనే ఆ పద్ధతిని ఇక్కడ చెబుతాను. దీనికి నియమం ఒక్కటే: ఒక్కో పుస్తకం నుంచి ఒక్కో పనితనాన్ని మాత్రమే తీసుకొని, దాన్ని వెంటనే మీ సొంత సరుకు మీద ఒక్క పేజీలో ప్రయోగించి చూడాలి.

మొదటి అడుగు: మూడు పుస్తకాలు ఎంచుకోండి

మూడుకు మించి పెట్టుకుంటే చదవడమే పనిగా మారి రాయడం వెనకబడుతుంది. మొదటి పుస్తకం మీ ప్రాంతానికో మీ వృత్తికో దగ్గరగా ఉన్న జీవితం కావాలి. రెండవది మీకు ఏ విధంగానూ పరిచయం లేని జీవితం కావాలి. మూడవది వంద, నూటయాభై పేజీలు దాటని చిన్న పుస్తకమైతే మంచిది, ఎందుకంటే దాన్ని మూడు నాలుగు సార్లు చదవవలసి వస్తుంది.

ఎంచుకునేటప్పుడే ఒక తేడాను గమనించండి. కొన్ని పుస్తకాలు పుట్టుక నుంచి మొత్తం జీవితాన్ని చెప్పడానికి పూనుకుంటాయి. కందుకూరి వీరేశలింగం 'స్వీయచరిత్రము', టంగుటూరి ప్రకాశం 'నా జీవిత యాత్ర' అటువంటివి. మరికొన్ని జీవితంలోంచి ఒక ముక్కను మాత్రమే కోసి తీసుకుంటాయి. కవి బసవరాజు అప్పారావు 1933లో మరణించిన తర్వాత ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ రాసిన పుస్తకం పేరు 'అప్పారావుగారూ నేను'. ఆ పేరులోనే పుస్తకానికి సరిహద్దు గీసి ఉంది: ఇద్దరు మనుషులు, వారి మధ్య గడిచిన కాలం. తిరుమల రామచంద్ర తన జీవితకథకు 'హంపీ నుంచి హరప్పా దాక' అని పేరు పెట్టినప్పుడు, సంవత్సరాలకు బదులు ఊళ్లు ఆ కథకు వెన్నెముక అవుతాయని పాఠకుడికి ముందే తెలిసిపోతుంది. కొత్తగా రాసేవారికి నా సలహా రెండవ రకమే. మొత్తం జీవితం అనే మాట వినగానే చేయి వణుకుతుంది. అమ్మమ్మగారి ఊళ్లో నాలుగు వేసవులు, మొదటి ఉద్యోగంలో మొదటి ఏడాది, అత్తగారూ నేనూ, అనుకుంటే చేయి నిలుస్తుంది.

పుస్తకాలు దొరకడం కష్టం కాదు. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 సంవత్సరాలు గడిచాక కాపీహక్కు తీరిపోతుంది కాబట్టి, పాత తరం వారి స్వీయచరిత్రలు తెలుగు వికీసోర్సు అనే అంతర్జాల గ్రంథాలయంలో ఉచితంగా చదువుకోవచ్చు. వీరేశలింగంగారిదీ ప్రకాశంగారిదీ అక్కడ ఉన్నాయి. కొత్తవాటికి మీ ఊరి శాఖా గ్రంథాలయంలో అడగండి. అయితే ఒక్క పుస్తకమైనా సొంతంగా కొనుక్కోవాలి, ఎందుకంటే మూడవ అడుగులో అందులో గీతలు గీయవలసి ఉంటుంది, గ్రంథాలయం పుస్తకంలో ఆ పని చేయకూడదు.

రెండవ అడుగు: మొదటిసారి పెన్సిలు లేకుండా చదవండి

మొదటి చదువు కథ కోసమే. ఆ మనిషితో పాటు నడవండి, ఏడుపు వస్తే ఏడవండి, విసుగు పుడితే ఎక్కడ పుట్టిందో పేజీ సంఖ్య గుర్తుపెట్టుకోండి. ఈ దశలో చేయవలసిన రాత పని ఒక్కటే ఉంది. చదువుతూ ఉండగా మీ సొంత జ్ఞాపకం ఏదైనా తటాలున పైకి తేలితే, పుస్తకంలో పెట్టుకున్న చీటీ మీద దాన్ని నాలుగైదు మాటల్లో రాసి మళ్లీ చదువులోకి వెళ్లిపోండి. 'పెరటి నుయ్యి గిలక చప్పుడు', 'కరణంగారి అరుగు, చింతగింజలు', 'టెలిగ్రాం వచ్చిన మధ్యాహ్నం', ఇంతే చాలు. అక్కడికక్కడ విస్తరించి రాయబోతే పుస్తకమూ పోతుంది, జ్ఞాపకమూ చెదురుతుంది.

ఈ చీటీ ఎందుకింత ముఖ్యమో అనుభవం మీద తెలుస్తుంది. 'మీ చిన్ననాటి సంగతులు చెప్పండి' అని అడిగితే మనందరికీ పదేపదే చెప్పి అరగదీసిన అయిదారు కథలే గుర్తుకొస్తాయి. మరొకరి ఇంట్లో కుంపటి గురించి చదువుతున్నప్పుడు మాత్రం, యాభై ఏళ్లుగా ఒక్కసారి కూడా తలచుకోని మన ఇంటి కుంపటి, దాని మీద పాలగిన్నె, ఆ గిన్నె సొట్ట, ఆ సొట్ట పడిన రోజు వరుసగా వచ్చి నిలబడతాయి. ఎవరికీ ఎప్పుడూ చెప్పని జ్ఞాపకం కనుక దానికి చెప్పి చెప్పి అలవాటైన మాటల తీరు ఇంకా ఏర్పడలేదు, పచ్చిగా ఉంటుంది. రాయడానికి అటువంటివే మేలైనవి. ఒక పుస్తకం పూర్తయ్యేసరికి ఇరవై ముప్పై చీటీ మాటలు పోగవుతాయి. వాటిని తేదీ వేసి ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించండి.

మూడవ అడుగు: రెండవసారి క్రియల మీద కన్ను వేసి చదవండి

నేను ఎక్కువసేపు ఆగదలచిన చోటు ఇది, ఎందుకంటే తెలుగులో జ్ఞాపకాలు రాసేవారి ఇబ్బందుల్లో సగం వాక్యం చివర కూర్చున్న క్రియలోనే ఉన్నాయని నా నమ్మకం.

మీకు బాగా నచ్చిన ప్రకరణంలో ఒక ఇరవై పేజీలు తీసుకొని, ప్రతి వాక్యం చివరి క్రియ కింద గీత గీయండి. రెండు రకాల క్రియలు కనిపిస్తాయి. ఒకటి 'వెళ్లేవాళ్లం, వండేది, తిట్టేవారు, ఉండేవి' వంటిది. అది అలవాటుగా పలుమార్లు జరిగినదాన్ని చెబుతుంది. రెండవది 'వెళ్లాం, వండింది, తిట్టారు, పడిపోయింది' వంటిది. అది ఒకనాడు ఒక్కసారి జరిగినదాన్ని చెబుతుంది. మొదటి రకానికి పక్కన 'అ' అనీ, రెండవ రకానికి 'ఒ' అనీ గుర్తు వేయండి. రచయిత తన అభిప్రాయమో ఈనాటి ఆలోచనో చెప్పే వాక్యానికి 'వ్యా' (వ్యాఖ్య) అని వేయండి. ఇరవై పేజీలు పూర్తయ్యాక అంచులు చూస్తే ఆ రచయిత నడక మీ కళ్ల ముందు ఉంటుంది: 'అ'లు నాలుగైదు వరుసగా వచ్చి ఆ ఇంటి పద్ధతిని, ఆ ఊరి కాలక్రమాన్ని పరిచి, అంతలో 'ఒకనాడు' అనే మాటతోనో, ఆ మాట కూడా లేకుండానో ఒక 'ఒ' తలుపు తోసుకొని వస్తుంది, ఇక అక్కడి నుంచి రెండు పేజీల దాకా 'ఒ'లే ఉంటాయి. మనల్ని కదిలించిన చోట్లు చాలావరకు ఆ రెండు పేజీల్లోనే ఉంటాయి.

ఇప్పుడు మీరు ఇదివరకు రాసి బీరువాలో పెట్టిన నాలుగు పేజీలను తీసి అవే గుర్తులు వేయండి. నేను మొదటిసారి ఇలా చేసినప్పుడు నా పేజీల్లో 'అ'లూ 'వ్యా'లూ తప్ప మరేమీ కనిపించలేదు. 'మేము ఆడుకునేవాళ్లం, అమ్మ పిలిచేది, నాన్న పేపరు చదివేవారు, ఆ రోజులే వేరు.' ఏదీ జరగలేదు, అన్నీ జరుగుతూ ఉండేవి. అలవాటు క్రియ మనసుకు హాయిగా ఉంటుంది, ఎందుకంటే అది ఏ ఒక్క రోజునూ పట్టుకొని సాక్ష్యం చెప్పమని అడగదు. అందుకే అందులో మనిషి ముఖం కూడా కనపడదు.

ఈ చదువులోనే సర్వనామాలను కూడా గమనించడం మంచిది. రచయిత 'నేను' అన్న చోట్లు ఎన్ని, 'మేము' అన్న చోట్లు ఎన్ని అని చూడండి. తెలుగులో క్రియే కర్తను చెప్పేస్తుంది కనుక ప్రతి వాక్యాన్నీ 'నేను'తో మొదలుపెట్టవలసిన అవసరం లేదు, కానీ సిగ్గు కొద్దీ 'మేము' వెనక దాక్కోవడం మాత్రం వేరే సంగతి. 'మేము దొంగతనంగా మామిడికాయలు కోశాం' అన్నప్పుడు చెట్టెక్కినదెవరో, కింద నిలబడి అరవబోయి నోరు మూసుకున్నదెవరో తెలియదు. తండ్రిని 'నాన్న' అన్నారా, 'మా నాన్నగారు' అన్నారా, ఒకచోట అలా, మరొకచోట ఇలా అన్నారా అనేదాన్ని కూడా గుర్తించండి. రచయిత ఎంత దూరంలో నిలబడి చూస్తున్నారో ఆ ఒక్క మాటే చెబుతుంది.

నాలుగవ అడుగు: కన్నదేది, విన్నదేది

ఊహ తెలియని వయసులో జరిగినదాన్ని ఎలా రాయాలి? కొండపల్లి కోటేశ్వరమ్మ 1918లో పుట్టారు, పసితనంలోనే పెళ్లి జరిగి పసితనంలోనే వైధవ్యం వచ్చింది. ఆమె 'నిర్జన వారధి' 2012లో వెలువడేనాటికి ఆమెకు తొంభై ఏళ్లు దాటాయి. తనకు గుర్తుండే అవకాశమే లేని సంఘటన తన జీవితాన్ని అంతగా మలచినప్పుడు, దానికీ తొంభై ఏళ్ల వయసుకూ మధ్య నిలబడిన మనిషి ఏ మాటల్లో దాన్ని చెప్పగలదు అనే ప్రశ్న పెట్టుకొని ఆ పుస్తకం మొదటి పేజీలు చదవండి. పెద్ద దుఃఖాలు చెప్పే చోట్ల విశేషణాలు ఎన్ని వాడారో కూడా లెక్కపెట్టండి; నేను ఆ పుస్తకం నుంచి నేర్చుకున్నది ఆ నిగ్రహమే.

విన్నదాన్ని చెప్పడానికి మన భాషలో ఒక చక్కని పనిముట్టు ఉంది, చాలామంది దాన్ని రాతలో చిన్నచూపు చూస్తారు. అది 'ట'. 'మూడేళ్లప్పుడు నూతిలోకి తొంగి చూడబోతే అమ్మమ్మ జుట్టు పట్టుకొని లాగిందట' అని రాస్తే, ఆ ఒక్క అక్షరం ఇది నా కళ్లతో చూసినది కాదు, ఇంట్లో చెప్పుకోగా విన్నది అని నిజాయితీగా ఒప్పుకుంటుంది. అదే సంగతిని 'లాగింది' అని రాస్తే అబద్ధమాడినట్టే. మీరు చదువుతున్న పుస్తకంలో 'ట' ఉన్న చోట్లూ, 'గుర్తున్నంతవరకు', 'అనుకుంటాను' వంటి మాటలున్న చోట్లూ గుర్తించి, రచయిత ఏ హద్దు దగ్గర వాటిని మానేసి సొంత జ్ఞాపకంలోకి అడుగుపెట్టారో చూడండి. సాధారణంగా ఆ హద్దు దగ్గర ఒక రంగో, వాసనో, చప్పుడో ఉంటుంది.

ఆ తర్వాత మీ చీటీల్లోంచి మూడు జ్ఞాపకాలు తీసి, ఒక్కోదానిలో ఎంత కన్నది, ఎంత విన్నది, ఎంత ఫొటోలో చూసినది అని విడదీసి రాయండి. ఫొటోలో చూసినదాన్ని కన్నదిగా నమ్మేసుకోవడం మనందరికీ ఉన్న అలవాటే.

ఐదవ అడుగు: నోటి మాటను కాగితం మీదికి తెచ్చినవారిని చదవండి

వైదిక సంప్రదాయంలో సంస్కృత విద్యతో పెరిగిన శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి తన జీవితకథకు 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' అని పేరు పెట్టారు. ఆ పేరులోని దీర్ఘాలు చూడండి. అరుగు మీద కూర్చున్న మనిషి గొంతు అందులో వినబడుతుంది. నామిని సుబ్రమణ్యం నాయుడు చిత్తూరు పల్లె మాటలోనూ, ఖదీర్ బాబు నెల్లూరు ప్రాంతపు మాటలోనూ తమ బాల్యపు సరుకుతో అల్లిన కథలు కూడా ఈ పాఠానికి బాగా పనికొస్తాయి. వీటిలో దేనిదైనా ఒక పేజీని చేత్తో నకలు రాయండి. టైపు చేయడం కాదు, కలంతో రాయాలి. కళ్లతో చదివినప్పుడు జారిపోయే సంగతులు, అంటే వాక్యం ఎక్కడ తెగింది, ఏ మాట రెండుసార్లు వచ్చింది, ఎక్కడ ఊపిరి తీసుకోవలసి వచ్చింది అనేవి, చేతికి తెలుస్తాయి.

నకలు రాసిన రోజునే సొంత పేజీ రాయకండి; రెండు రోజులు ఆగండి. వెంటనే రాస్తే శ్రీపాదవారి పలుకుబడి మీ కలంలోంచి కారుతుంది, అది మీ ఇంట్లో ఎవరూ మాట్లాడని భాష అయి ఉండవచ్చు. మీరు నేర్చుకోవలసింది ఆయన మాటలు కావు, తన ఇంటి మాటను నమ్మిన ఆ ధైర్యం. మీ అమ్మ 'పొయ్యి రాజెయ్యి' అనేదా, 'పొయ్యి ముట్టియ్యి' అనేదా, 'పొయ్యి ఎలిగించు' అనేదా గుర్తుచేసుకొని ఆ మాటే రాయండి. హైదరాబాదు పాతబస్తీలో పెరిగినవారికి ఉర్దూ మాటలూ, బెంగళూరులోనో చెన్నైలోనో పెరిగినవారికి కన్నడ, తమిళ మాటలూ ఇంటి మాటలే.

రాయడం అలవాటు లేనివారి దారి కూడా ఇక్కడే ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మల్లు స్వరాజ్యం జీవితకథ 'నా మాటే తుపాకి తూటా' ఆమె చెప్పగా ఇతరులు అక్షరబద్ధం చేసిన పుస్తకం. మీ ఇంట్లో పెద్దవారి జ్ఞాపకాలు కావాలనుకుంటే ఫోనులో రికార్డు చేసి, మొదట ఏ మార్పూ లేకుండా మొత్తం రాసుకోండి, తర్వాతే కుదించండి. తప్పొప్పులు దిద్దాలనే తొందర వారి గొంతును ముందే తీసేస్తుంది.

ఆరవ అడుగు: వారు రాయని సంగతులు వెతకండి

మూడవసారి చదివేటప్పుడు కాగితం మీద నిలువుగా గీత గీసి, ఎడమవైపు సంవత్సరాలూ కుడివైపు వాటికి దక్కిన పేజీల సంఖ్యా వేయండి. వీరేశలింగంగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించారు; ఆ ఉద్యమానికి ఆయన ఎన్ని పేజీలిచ్చారు, తోడు నిలిచిన భార్య రాజ్యలక్ష్మమ్మకు ఎన్ని ఇచ్చారు అని మీరే లెక్కవేసి చూడండి. ప్రకాశంగారి 'నా జీవిత యాత్ర'లో నాలుగవ భాగాన్ని ఆయన సహచరుడు తెన్నేటి విశ్వనాథం రాయవలసి వచ్చింది. ఎంత పొడవుగా రాసినా జీవితమంతా పుస్తకంలో పట్టదని ఇటువంటి లెక్క చెబుతుంది. పట్టనిదాన్ని ఎవరు ఎలా వదిలారన్నదే చూడవలసింది.

వదిలేసిన సంగతులు స్పష్టంగా కనపడాలంటే ఒకే కాలం గురించి ఇద్దరు ముగ్గురు చెప్పినవి పక్కపక్కన పెట్టుకొని చదవాలి. తెలంగాణ సాయుధ పోరాటం ఇందుకు చాలా అనువైనది. పుచ్చలపల్లి సుందరయ్య వంటి నాయకుల జీవితకథ ఒకటి తీసుకోండి. దాని పక్కన స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వారు ఆ పోరాటంలోని స్త్రీల మాటలను సేకరించి 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పెట్టుకోండి. 1951లో పోరాటం విరమించాక ఇళ్లకు తిరిగి వెళ్లిన ఆడవాళ్లకు ఏమైంది, అజ్ఞాతవాసంలో కాన్పులు ఎలా జరిగాయి, చంటిబిడ్డలను ఏం చేశారు అనే ప్రశ్నలు రెండవ పుస్తకం చదివాకే మనకు తడతాయి. తట్టిన తర్వాత మొదటి పుస్తకంలో అవి లేని ఖాళీ కూడా కనపడుతుంది.

ఇదే ప్రశ్న మీ మీద వేసుకోండి. మీ కథలో మీ తమ్ముడు, మీ ఇంట్లో పని చేసిన మనిషి, మీ కోడలు అయితే ఏమి చెప్పేవారు? వారి మాట రాయవలసిన అవసరం లేదు. వారికీ ఒక మాట ఉందని తెలిసి రాసినప్పుడు మీ వాక్యం మరింత జాగ్రత్తగా వస్తుంది.

ఏడవ అడుగు: మీ పేజీ రాయండి

వారానికి ఒక జ్ఞాపకం, ఒక్క పేజీ, మూడు వందల మాటలకు మించకుండా రాయండి. నా నోటుపుస్తకంలోంచి ఒక ఉదాహరణ చూపిస్తాను. నేను మొదట రాసుకున్నది ఇది:

'చిన్నప్పుడు మాది చాలా పేద కుటుంబం. అమ్మ ఎంతో కష్టపడి మమ్మల్ని పెంచింది. ప్రతి ఏడూ కొత్త బట్టలు కొనే స్తోమతు ఉండేది కాదు. అయినా మేము ఎంతో ఆనందంగా ఉండేవాళ్లం.'

ఇందులో అబద్ధం లేదు, కానీ ఈ నాలుగు వాక్యాలు ఏ ఊళ్లో ఎవరైనా రాయగలరు. ఎవరో ఒకరి ఆత్మకథలో దర్జీ కొట్టు గురించి చదువుతుండగా నా చీటీ మీద 'పరికిణీ అంచు, నీలం పట్టీ' అని రాసుకున్నాను. క్రియల పాఠం తర్వాత ఆ చీటీ పట్టుకొని రాసిన పేజీలో కొంత భాగం ఇది:

'బడి తెరవడానికి రెండు రోజుల ముందు అమ్మ వాకిట్లో చాప వేసుకొని నా పరికిణీ అంచు విప్పింది. దర్జీ లోపలికి మడిచి కుట్టిన గుడ్డ నాలుగు వేళ్ల వెడల్పున కిందికి జారింది. పరికిణీ అంతా ఉతికి ఉతికి బూడిద రంగుకు తిరిగితే, ఆ నాలుగు వేళ్ల మేర మాత్రం కొన్ననాటి నీలం అలాగే ఉంది. విప్పిన దారాన్ని అమ్మ పారేయకుండా చీపురుపుల్లకు చుట్టింది. "ఈ ఏటికి వస్తుందిలే" అంది. బడిలో నేల మీద కూర్చున్నప్పుడు ఆ నీలం కనపడకుండా అంచును కాళ్ల కిందికి మడుచుకున్నాను.'

పేదరికం అనే మాట పోయింది, 'ఎంతో' పోయింది, అలవాటు క్రియ ఒక్కటి కూడా లేదు. అమ్మ కష్టం చీపురుపుల్లకు చుట్టిన దారంలో ఉంది. ఆనందంగా ఉండేవాళ్లమన్న మాట కూడా పోయింది, ఎందుకంటే అంచు మడుచుకున్న ఆ పిల్ల ఆ రోజు ఆనందంగా లేదు. అది నేను పెద్దయ్యాక పైనుంచి పూసిన రంగు. మొదటి ముసాయిదాలో ఇటువంటి రంగు ఎక్కడ పూశారో వెతకడానికి 'ఆ రోజులే వేరు', 'ఎంతో', 'మరపురాని' అనే మాటలున్న చోట్లు చూడండి, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

రాసినదాన్ని గట్టిగా చదవండి. నాలుక తడబడిన చోట వాక్యాన్ని తెంచండి.

ఎనిమిదవ అడుగు: సరిచూసుకోండి

1830 మే నుంచి 1831 సెప్టెంబరు దాకా కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీల వివరాలు ఎప్పటికప్పుడు రాసుకున్నారు కాబట్టి, ఊళ్ల దూరాలూ దొరికే వస్తువులూ ఆయన పుస్తకంలో అంత స్ఫుటంగా ఉన్నాయి. మనం యాభై ఏళ్ల తర్వాత రాస్తున్నాం, కనుక సాక్ష్యాలు వెతుక్కోవాలి. పాత ఉత్తరాలు, రేషను కార్డు, పెళ్లి శుభలేఖలు, చదివింపుల పుస్తకం, ఫొటోల వెనక రాసిన తేదీలు బయటికి తీయండి. బడి సర్టిఫికెట్టులోని పుట్టిన తేదీని మాత్రం గుడ్డిగా నమ్మకండి. బడిలో వేసేందుకు పంతులుగారు ఉజ్జాయింపుగా వేసిన తేదీలు మన తరంలో ఎందరికో ఉన్నాయి. సంవత్సరం గుర్తు రాకపోతే అందరికీ తెలిసిన సంఘటనకు ముడిపెట్టి అడగండి: 1977 నవంబరు దివిసీమ ఉప్పెనకు ముందా తర్వాతా, 1986 ఆగస్టు గోదావరి వరదలప్పటికి అన్నయ్యకు పెళ్లయిందా, 1969 తెలంగాణ ఉద్యమానికి బడులు మూతపడినప్పుడు నేను ఎన్నో తరగతి? పెద్దవాళ్లు అంకెల్లో చెప్పలేనిది ఇలా అడిగితే ఠక్కున చెబుతారు.

బతికి ఉన్నవారి గురించి రాసినప్పుడు ఆ పేజీ వారికి ముందుగా చూపించడం మంచిది. నొప్పించే సంగతైతే పేరూ ఊరూ మార్చండి, లేదా ఆ పేజీని మీ నోటుపుస్తకానికే పరిమితం చేయండి. రాసిన ప్రతిదీ అచ్చు వేయవలసిన పని లేదు.

నా పరికిణీ పేజీని అక్కకు చదివి వినిపించాను. అక్క అంతా విని, 'ఆ పరికిణీ ముందు నాదే, నీకు వచ్చేసరికి అది రెండో మడత' అంది. అంటే ఆ నీలం పట్టీకి పైన, అంతకుముందు ఏడాది విప్పిన మడత గీత మరొకటి ఉండి ఉండాలి. నాకు అది గుర్తు లేదు. నా పేజీని చింపలేదు, అక్క మాటతో కొట్టివేయనూ లేదు. చివర ఒక వాక్యం కలిపాను: 'పైన ఇంకొక గీత కూడా ఉండేదట, అక్క చెప్పింది.' ఆ 'ట' దగ్గర మా ఇద్దరి జ్ఞాపకాలూ పక్కపక్కన నిలబడ్డాయి.

ఇలా పన్నెండు పేజీలు పోగయ్యాక వాటిని నేల మీద పరచి చూడండి. ఏ రెండు పేజీల్లో ఒకే మనిషి, ఒకే గది, ఒకే భయం మళ్లీ వచ్చిందో కనపడుతుంది, మీ పుస్తకానికి సరిహద్దు అక్కడి నుంచి గీసుకోవచ్చు. ఆ పేజీలను శుభ్రంగా తిరగరాసేటప్పుడు కుడివైపు రెండు అంగుళాల అంచు ఖాళీగా వదిలి, ఒక పెన్సిలుతో సహా మీ అక్కకో తమ్ముడికో ఇవ్వండి.